కుక్క పళ్ళ పని హైదరాబాద్‌లోనే ముగించుకుని విమానం ఎక్కండి

ప్రశ్న: అక్కా, మాది నిజాంపేట. ఇంకో నాలుగైదు నెలల్లో డల్లాస్ వస్తున్నాం. మా ఆరేళ్ళ స్పిట్జ్‌నీ, పిల్లినీ వెంట తెచ్చుకుంటున్నాం. కుక్క నోరు బాగా వాసన వస్తోంది, దవడ పళ్ళకు గార పట్టింది. అమెరికాలో మంచి డాక్టర్లుంటారు, వెళ్ళాక చూపిద్దామని మావారు అంటున్నారు. మీరేమంటారు?

జవాబు: చెల్లీ, వెళ్ళాక కాదు, బయల్దేరే ముందే చూపించు. ఇక్కడ డాక్టర్లు మంచివాళ్ళే. కానీ వాళ్ళు చేతికిచ్చే ఎస్టిమేట్ కాగితం మీరింకా చూడలేదు. మత్తుకు ముందు రక్తపరీక్ష ఒక లైను, సెలైన్ ఒక లైను, మత్తు, నోరంతా ఎక్స్‌రేలు, స్కేలింగ్ (అంటే గార గీకడం), పాలిషింగ్, పీకాల్సి వస్తే పన్నుకింత, నొప్పి మందులు. చివర రెండు మొత్తాలు వేస్తారు: తక్కువలో తక్కువ ఇంత, ఎక్కువలో ఎక్కువ ఇంత. ఎక్స్‌రే తీసేదాకా ఎన్ని పళ్ళు పోతాయో వాళ్ళకూ తెలియదు మరి. పళ్ళు పీకే పని పడితే వెయ్యి డాలర్లు దాటడం ఇక్కడ మామూలు. అదే పని హైదరాబాద్‌లో వేల రూపాయల్లో అయిపోతుంది. అపార్ట్‌మెంట్ డిపాజిట్, కారు, సామాన్లు అన్నీ ఒకేసారి మీద పడే మొదటి నెలల్లో ఈ ఖర్చు నెత్తినెత్తుకోవద్దు.

ఇది ఎవరో చెబితే విన్నది కాదు, మేం పడ్డదే. మేమొచ్చినప్పుడు బర్కత్‌పురా నుంచి మా పొమరేనియన్‌ని తెచ్చుకున్నాం. అక్కడున్నన్నాళ్ళూ దానికి పెరుగన్నం, చాయ్‌లో ముంచిన రస్కు, ఆదివారం మటన్ బొక్క. బొక్క కొరికితే పళ్ళు శుభ్రమవుతాయని మా అత్తమ్మ గట్టి నమ్మకం, నేనూ అదే నమ్మాను. నోరు వాసనొస్తే కుక్కన్నాక రాదా అనుకున్నాం. ఇక్కడ మొదటిసారి వెట్‌కు చూపిస్తే నేను చెప్పిన కాగితం చేతిలో పెట్టారు. రాత్రంతా ఆ అంకెని రూపాయల్లోకి మార్చి చూసుకున్నాం. కొత్తలో అందరూ చేసేదే, మీరూ చేస్తారు.

అప్పుడు మా కంటబడింది కుక్కల జుట్టు కత్తిరించే షాపులో బోర్డు: మత్తు లేకుండా పళ్ళ క్లీనింగ్. వెట్ చెప్పిన దాంట్లో పదో వంతు కూడా లేదు. చేయించాం. పళ్ళు తెల్లగా మెరిశాయి, డబ్బు మిగిలిందని సంతోషపడ్డాం. ఆ వేసవి పోకముందే ఎడమ కంటి కింద వాపు వచ్చింది. కంటికేదో తగిలిందనుకున్నాం. వెట్ పై పెదవి ఎత్తి చూపించారు. పైదవడలో అన్నిటికంటే పెద్ద పన్ను, బయటి వైపు పెచ్చు లేచిపోయి ఉంది, లోపల చీము. ఆ పన్ను వేళ్ళు కంటి కిందిదాకా పోతాయి, అందుకే వాపు అక్కడ తేలింది. మూడు వేళ్ళ పన్ను, ఊరికే ఊడిరాదు. ముక్కలుగా కోసి ఒక్కో వేరూ విడిగా తీశారు. ఆ పన్ను అలా పెచ్చులేవడానికి మామూలుగా కారణం బొక్కలూ, గిట్టలూ, కొమ్ముల్లాంటి గట్టి వస్తువులేనట. మొత్తం క్రెడిట్ కార్డు మీద పడింది. ఆ తర్వాత తీసుకున్న ఇన్సూరెన్స్, పళ్ళ జబ్బు ముందునుంచే ఉందంటూ ఒక్క డాలరు ఇవ్వలేదు. నెలనెలా కడుతూ తీర్చుకున్నాం. ఎవరి దగ్గరా చేయి చాచలేదు.

మత్తు లేకుండా గీకితే పోయేది కంటికి కనిపించే గార మాత్రమే. పాచి చిగురు కిందికి దిగి, పన్నుని పట్టుకున్న ఎముకని తినేస్తుంది. అసలు జబ్బు అదే. మెలకువగా ఉన్న కుక్క చిగురు కిందికి పరికరం పెట్టనివ్వదు, ఎక్స్‌రే తీయనివ్వదు. అమెరికన్ వెటర్నరీ డెంటల్ కాలేజీ కూడా ఈ మత్తులేని క్లీనింగ్ వద్దనే అంటుంది. మీవారికి ఇది ముందే చెప్పి ఉంచు, చవగ్గా కనిపిస్తే మగవాళ్ళు మొగ్గుతారు.

హైదరాబాద్‌లో చేయించేటప్పుడు మాత్రం డబ్బు చూసుకోకు. నారాయణగూడలో ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల ఉంది, రాజేంద్రనగర్‌లో వెటర్నరీ కాలేజీ ఉంది, ప్రైవేటు క్లినిక్కులు మీ చుట్టుపక్కలే బోలెడు. ఎక్కడికెళ్ళినా గొంతులో గొట్టం వేసి గ్యాస్‌తో మత్తిస్తారా అని అడుగు. స్కేలింగ్ మెషిన్ నీళ్ళు చిమ్ముతుంది, గొట్టం లేకపోతే ఆ నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. పళ్ళ ఎక్స్‌రే ఉందా, మత్తులో ఉన్నంతసేపూ గుండెని ఎవరు చూస్తారు అని కూడా అడుగు. గీకాక పాలిష్ తప్పకుండా చేయించు. లేకపోతే గరుకు మీద పాచి మళ్ళీ తొందరగా పట్టేస్తుంది.

కుక్కని అమెరికా తేవడానికి 2024 ఆగస్టు 1 నుంచి రూల్స్ మారాయి. రేబిస్ విషయంలో ఇండియా హై రిస్క్ జాబితాలో ఉంది కాబట్టి మైక్రోచిప్, టీకా కాగితాలు, రక్తపరీక్ష అంటూ చాలా ఉంటాయి. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ వెబ్‌సైట్‌లో చూసుకోండి, ఇండియా వైపు కాగితాలకు ఏక్యూసీఎస్ ఆఫీసుని, అంటే మన ప్రభుత్వ జంతు క్వారంటైన్ వాళ్ళని అడగండి. ఎలాగూ రక్తం తీస్తారు కదా, మత్తుకు ముందు చేసే పరీక్ష కూడా అదే రోజు చేయించేస్తే దానికి ఒక సూది తప్పుతుంది.

పిల్లిని మర్చిపోకు. కుక్కకి 42 పళ్ళు, పిల్లికి 30. పిల్లికి తరచూ వచ్చే జబ్బు వేరు, పన్ను చిగురు దగ్గర తనకు తానే కరిగిపోతుంది. విపరీతమైన నొప్పి. అయినా పిల్లి అరవదు. తింటూ తింటూ మెతుకు జారవిడుస్తుందా, ఒక పక్కనే నములుతుందా, ఆ చోట తాకితే దవడ వణుకుతుందా చూడు.

ఇక్కడికొచ్చాక రోజూ బ్రష్ చేయి. పాచి రెండు మూడు రోజుల్లోనే గట్టిపడి గారవుతుంది, వారానికోసారి తోమితే లాభం లేదు. పెదవి ఎత్తి బయటి వైపు తోమితే చాలు, అర నిమిషం పని. మన టూత్‌పేస్ట్ వద్దు. ఫ్లోరైడ్ మింగడం మంచిది కాదు, కొన్నిట్లో ఉండే జైలిటాల్ కుక్కకి విషం. నమిలే బిళ్ళలు కొంటే వీఓహెచ్‌సీ (జంతువుల నోటి ఆరోగ్యం చూసే వెటర్నరీ సంస్థ) ముద్ర ఉన్నవి కొను, మిగతావి డబ్బు దండగ. ఏదైనా కొనేముందు గోటితో నొక్కి చూడు, గోరు దిగకపోతే అది పన్ను విరిచేంత గట్టిది.

ఇక్కడ మళ్ళీ క్లీనింగ్ పడితే ఫిబ్రవరి దాకా ఆగగలరేమో చూడండి. అది పెంపుడు జంతువుల పళ్ళ నెల, చాలా క్లినిక్కులు ధర తగ్గిస్తాయి. ‘మత్తులో ఉండగా పన్ను పీకే ముందు నాకు ఫోన్ చేయండి, ఖర్చు ఇంతకు మించితే అడగకుండా చేయొద్దు’ అని క్లినిక్ వాళ్ళకు రాసివ్వచ్చు, ఎవరూ ఏమీ అనుకోరు. కేర్‌క్రెడిట్ లాంటి, వైద్యం ఖర్చులకిచ్చే క్రెడిట్ కార్డు వాడితే వడ్డీ లేని గడువులోపే మొత్తం తీర్చేయండి. ఒక్క డాలరు మిగిలినా మొదటి రోజు నుంచి వడ్డీ లెక్కేస్తారు.

ఇన్సూరెన్స్ దిగిన వారంలోనే తీసుకోండి. వాళ్ళు పాత వైద్యం కాగితాలు అడుగుతారు. అందుకని హైదరాబాద్ డాక్టరు దగ్గర ఇంగ్లీషులో, సంతకం, తేదీతో రిపోర్టు రాయించుకో. ఏ పళ్ళు తీశారు, చిగుళ్ళు ఇప్పుడెలా ఉన్నాయి అన్నది అందులో ఉండాలి. పళ్ళకు నంబర్లుంటాయి, మా పొమరేనియన్‌కి పోయింది 208. నంబరు రాయిస్తే ఇక్కడి వెట్‌కు మళ్ళీ వెతుక్కునే పని ఉండదు. ఎక్స్‌రే తీస్తే ఆ ఫైళ్ళు ఫోన్‌లో వేయించుకుని నీకు నువ్వే ఈమెయిల్ చేసుకో.