మసక ఉందని మానుకోకండి: చలికాలంలో విశాఖ సముద్రాన్ని ఫొటో తీయడం

డిసెంబరు చివరి వారంలో విశాఖపట్నం వస్తున్నానని, ఉదయం పూట అంతా పొగమంచూ మసకా ఉంటుందని విన్నానని, అలాంటప్పుడు తెల్లవారుజామున లేచి సముద్రం దగ్గరికి వెళ్లడం దండగేనా అని అడిగారు. దండగ కాదు. ఈ ఒడ్డునే కెమెరా పట్టుకోవడం నేర్చుకున్నవాణ్ణి కాబట్టి గట్టిగానే చెబుతున్నాను. చలికాలంలో మన సముద్రానికి అందం తెచ్చేది ఆ మసకే. తేట ఆకాశం కోసం ఎదురుచూస్తూ గదిలో కూర్చోకండి.

ముందు సూర్యుడి సంగతి. విశాఖ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి ఏటవాలుగా సాగుతుంది. అంటే ఒడ్డున నిలబడి సముద్రాన్ని చూస్తే మన ముఖం ఆగ్నేయం వైపు ఉంటుంది. జూన్‌లో సూర్యుడు తూర్పు నుంచి బాగా ఉత్తరానికి జరిగి, ఎక్కడో ఎడమ చివర, భీమిలి వైపు ఉదయిస్తాడు. డిసెంబరులో తూర్పుకు సుమారు 25 డిగ్రీలు దక్షిణంగా జరిగి, దాదాపు మనకు ఎదురుగా నీళ్లలోంచి పైకి వస్తాడు. దీనివల్ల కలిగే లాభం చిన్నది కాదు. ఒడ్డుకు వచ్చే ప్రతి అలకూ వెనక నుంచి వెలుగు పడుతుంది. విరగబోయే ముందు అల పైకి లేచి పలచబడుతుంది చూడండి, ఆ క్షణంలో దాని అంచు గాజు ముక్కలా ఆకుపచ్చగా వెలుగుతుంది. మేలో ఇది దొరకదు. డిసెంబరు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు 49 డిగ్రీల ఎత్తు దాటడు కాబట్టి, ఉదయం ఎనిమిదిన్నర దాకా వెలుగు ఏటవాలుగానే ఉంటుంది. తొందర పడనక్కర్లేదు.

ఇక మసక. రాత్రంతా నేల చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడుతుంది. పైన వెచ్చటి గాలి పొర ఉండటంతో నగరపు పొగ, దుమ్ము, తేమ పైకి పోలేక కిందనే నిలిచిపోతాయి. మీరు వచ్చే రోజుల్లో సూర్యోదయం ఆరూ ఇరవై అయిదు ప్రాంతంలో ఉంటుంది. ఆ సమయానికి సముద్రం అంచున ఏమీ కనబడకపోవచ్చు. అక్కడే చాలామంది నిట్టూర్చి టీ కొట్టు వైపు నడుస్తారు. మీరు కదలకండి. పది ఇరవై నిమిషాల తర్వాత, నీళ్లకు కొంత పైన, ఆ బూడిదరంగులోంచి ఎర్రటి బింబం కిరణాలు లేకుండా తేలుతుంది. తేట ఆకాశంలో సూర్యుడు పూర్తిగా పైకి రావడానికి రెండు మూడు నిమిషాలు చాలు, వెంటనే కళ్లు చెదిరే వెలుగు వచ్చేస్తుంది. మసక ఉన్న రోజున ఆ ఎర్రదనం ఇంకాసేపు నిలుస్తుంది. బింబాన్ని, దాని ముందు నుంచి వెళ్లే పడవను ఒకే ఎక్స్‌పోజర్‌లో పట్టే అవకాశం అప్పుడే. పెద్ద లెన్సుతో తీసేటప్పుడు మాత్రం వ్యూఫైండర్‌లో కన్ను పెట్టకండి, వెనక తెర మీద చూసి తీయండి. ఎర్రగా ఉన్నా సూర్యుడు సూర్యుడే.

మసక చేసే రెండో మేలు దూరాన్ని విడదీసి చూపడం. ఆర్కే బీచ్ నుంచి కుడి వైపు చూస్తే డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపిస్తుంది. సముద్రంలో రేవు వెలుపల లంగరు వేసిన ఓడలు ఉంటాయి. ఇంకా దగ్గరగా ఫైబర్ పడవలు. తేట రోజున ఇవన్నీ ఒకే ముదురు రంగులో ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మసకలో దగ్గరి పడవ నల్లగా, దాని వెనక ఓడ బూడిదగా, కొండ ఉందా లేదా అన్నట్టుగా, ఒక్కొక్కటీ విడిగా నిలబడతాయి.

అన్నిటికంటే ముఖ్యమైన మాట: సూర్యుడు కాస్త పైకి రాగానే అతనికి వీపు పెట్టండి. జనం వెళ్లిపోయే ఆ అరగంట, ముప్పావు గంటలోనే నాకు నచ్చిన ఫొటోలు దొరికాయి. పీతలు తమ బొరియల చుట్టూ తోడిపోసిన ఇసుకను వంగి చూడండి. ఆ వెలుగులో ప్రతి ఇసుక ఉండకూ దానికి ఎన్నో రెట్లు పొడవైన నీడ ఉంటుంది. అల వెనక్కి వెళ్లాక తడి ఇసుక మీద పలచటి నీటి పొర కొన్ని క్షణాలు నిలుస్తుంది. ఒడ్డున నడిచే మనిషి అందులో తలకిందులుగా పూర్తిగా కనిపిస్తాడు. కెమెరాను మోకాలి ఎత్తుకు దించితేనే అది పడుతుంది. భీమిలి దారిలో ఎర్రమట్టి దిబ్బలు కూడా ఈ ఏటవాలు ఎండలోనే చూడాలి, నడిమధ్యాహ్నం వెళితే చదునుగా వస్తాయి.

సెట్టింగుల గురించి పెద్దగా చెప్పేది లేదు. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే మోతాదు) 100, అపర్చర్ (లెన్సులో వెలుగు వచ్చే రంధ్రం) ఎఫ్ 8 నుంచి 11 మధ్య, రా ఫైలు (కెమెరా కుదించకుండా దాచే ఫొటో). వైట్ బ్యాలెన్స్ మాత్రం ఆటోలో వదలకండి, అది ఉదయపు రంగును కడిగేస్తుంది. డేలైట్‌లో పెట్టండి. నీటి గీతలు కావాలంటే షట్టర్ అర సెకను చాలు, అయితే అల వెనక్కి తగ్గుతున్నప్పుడు నొక్కాలి. ముందుకు వస్తున్నప్పుడు నొక్కితే నురుగంతా తెల్లటి మరకగా మిగులుతుంది. ట్రైపాడ్ కాళ్లను తడి ఇసుకలోకి గట్టిగా దిగేదాకా నొక్కి, ఒక అల వచ్చి పోయాక మళ్లీ నొక్కి, అప్పుడు ఫ్రేము సరిచూసుకోండి. ఫోనుతో తీస్తే, ఆకాశంలో వెలుగున్న చోట తాకి పట్టి, వెలుగును కాస్త కిందికి దించండి.

గాలి కూడా ఉదయాన్నే మనకు అనుకూలం. చలికాలపు తెల్లవారుజామున గాలి నేల నుంచి సముద్రం వైపు వీస్తుంది. నీటి పైభాగం నునుపుగా ఉంటుంది, లెన్సు మీద ఉప్పు తుంపర తక్కువ పడుతుంది. పొద్దెక్కి నేల వేడెక్కాక గాలి తిరగబడుతుంది, ఇక ప్రతి పది నిమిషాలకూ తుడవాల్సిందే. ఉప్పును పొడిగుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి. మంచినీటితో కొద్దిగా తడిపిన మెత్తటి గుడ్డతో అద్ది, తర్వాత ఆరిన గుడ్డతో తుడవండి. గదికి వెళ్లగానే ట్రైపాడ్ కాళ్లు కూడా మంచినీటితో కడగండి.

సాయంత్రం మీద ఆశ పెట్టుకోకండి. ఇక్కడ సూర్యుడు నీళ్లలో దిగడు, కొండల వెనక, మేడల వెనక దిగుతాడు. బీచ్ త్వరగా నీడలో పడుతుంది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఇక్కడే తీరం దాటింది. హెచ్చరిక ఉన్న రోజున ఒడ్డుకు వెళ్లకండి. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల సంస్థ ఇన్‌కాయిస్ ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంది, ముందు రోజు రాత్రి చూసుకోండి. వాన వెలిసిన మర్నాడు మాత్రం తప్పక వెళ్లండి. ఏడాది మొత్తంలో అంత తేట గాలి, అన్ని పొరల మబ్బులు అరుదు. మామూలు రోజుల్లో కూడా యారాడ, రుషికొండ రాళ్ల దగ్గర ఒకటి గుర్తుంచుకోండి: రాయి తడిసి నల్లగా ఉందంటే అల అక్కడిదాకా వస్తోందని అర్థం. దాని మీద నిలబడకండి.

మత్స్యకారుల దగ్గర కెమెరా ఎత్తే ముందు మాట కలపండి. "బాబాయ్, వేట ఎలా ఉంది?" అని అడిగి, "ఒక ఫొటో తీసుకోనా?" అనండి. వద్దంటే వదిలేయండి. ఒడ్డుకు వల లాగుతున్నప్పుడు తాడుకు అడ్డం రాకండి, అది వాళ్ల కూలి. చలికాలంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు కూడా గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి. చీకట్లో తాబేలు కనిపిస్తే ఫ్లాష్ గానీ టార్చి గానీ వేయకుండా దూరంగా ఉండండి. ఆ ఫొటో రాకపోయినా ఫరవాలేదు, అది గుడ్లు పెట్టి వెళ్లడం ముఖ్యం.

చివరగా, ఏ లెన్సు తెచ్చుకోవాలని కూడా అడిగారు. సంచిలో ఒక్కదానికే చోటుంటే వెడల్పుగా చూపే లెన్సు వదిలేసి, దూరాన్ని దగ్గరగా చూపే 70-200 మి.మీ. పొడవు లెన్సు తెచ్చుకోండి. మసకలో వెడల్పు లెన్సుకు ఖాళీ బూడిద ఆకాశమే ఎక్కువగా దొరుకుతుంది. ఓడనూ పడవనూ కొండనూ దగ్గరకు చేర్చి చూపించేది పొడవు లెన్సే.