టెన్షనర్ నంబరులో అక్షరం మారితే

మీ స్కోడా లారా 1.8 టీఎస్‌ఐ నుంచి తీసిన టైమింగ్ చైన్ టెన్షనర్ (ఇంజిన్‌లోని చైన్‌ను బిగువుగా ఉంచే భాగం) మీద 06హెచ్ 109 467 ఎన్ అని ఉంటే, దుకాణదారు 06కె 109 467 కె చూపుతున్నారని, అది వేరే బండిదేమోనని సందేహించారు. అది పాతదాని స్థానంలో వచ్చిన సవరించిన భాగమే. స్కోడా కూడా చేరిన ఫోక్స్‌వ్యాగన్ వర్గపు నంబర్లలో మొదటి మూడు స్థానాలు ఆ భాగం మొదట ఏ ఇంజిన్‌కు లేదా మోడల్‌కు రూపొందిందో చెబుతాయి. 109లోని 1 ఇంజిన్ విభాగం, 467 అసలు భాగం, చివరి అక్షరం సవరణ. ఎన్ తర్వాత కె రావడమేమిటని అనిపించవచ్చు గానీ, మొదటి మూడు స్థానాలే మారినప్పుడు ఆ అక్షరాలను ఒకదానితో ఒకటి పోల్చకూడదు. నడిమి ఆరంకెలు కలిసినంత మాత్రాన కూడా సరిపోదు గనుక, ఛాసిస్ నంబరు ఇచ్చి, పాత నంబరుకు బదులుగా కేటలాగు ఏది చూపుతోందో డీలరును అడిగి, ఆ తర్వాతే డబ్బు చెల్లించండి.

ఇంజిన్ కంట్రోల్ యూనిట్ (ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్) విషయంలో మాత్రం అక్షరం మారినా సవరించిన భాగమేలే అన్న ధీమా పనికిరాదు. అక్కడ ప్లగ్గు చక్కగా కూర్చున్నా, అక్షరం వేరైతే లోపలి సాఫ్ట్‌వేర్ మీ బండిది కాకపోవచ్చు. చివర ఎక్స్ ఉంటే, అది సాధారణంగా పాతదాన్ని బాగుచేసి అమ్మే ఎక్స్ఛేంజ్ భాగం.