సబ్ ఊఫర్ మూలకి తొయ్యకముందే

చి॥ శ్రీనుకి,

ఆశీస్సులు. హోమ్ థియేటర్ పెట్టించుకుందామనుకుంటున్న మీ హాలు 15 అడుగుల పొడవు, 12 వెడల్పు అన్నావు. సిమెంటు గోడలు, కింద టైల్స్, పైన ఒట్టి స్లాబు. శబ్దాన్ని పీల్చుకునేది ఒక్కటీ లేదు. ముందు ఒక మందపాటి కార్పెట్, కిటికీలకి బరువైన కర్టెన్లు వేయించు. అవి లేకపోతే ఎంత ఖరీదైన సెట్ పెట్టినా మాటలు ఖాళీ ఫంక్షన్ హాల్లో మైకులా మోగుతాయి.

డబ్బు సరిపోకపోతే అయిదు చవకరకం స్పీకర్లు కొనకు. ఒకే సిరీస్‌లో లెఫ్ట్, రైట్, సెంటర్, వాటికో సబ్ ఊఫర్ (బేస్, అంటే లోతైన మోత, పలికించే పెట్టె) తీసుకో. సరౌండ్‌లు, అంటే సోఫా వెనక పెట్టేవి, వచ్చే ఏడాది చేర్చుకోవచ్చు. పీఎంపీఓ వాట్లు (ఉబ్బించి చెప్పే అంకె) చెప్పే అంగట్లోంచి లేచి వచ్చెయ్. ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే వాట్లు, ఎంతో చెప్పమను. రిసీవర్ (స్పీకర్లన్నిటికీ శబ్దం పంపే ఆంప్లిఫయర్ పెట్టె) వెనక కనీసం 6 ఓమ్‌లు అని ఉంటే 4 ఓమ్‌ల స్పీకర్లు తగిలించకు, గట్టిగా పెట్టినప్పుడు వేడెక్కి ఆగిపోతుంది.

వైరు దగ్గరే మోసం ఎక్కువ. రాగి పూత పూసిన అల్యూమినియం తీగని రాగి అని అమ్మేస్తారు. ఒక పోగు లాగి బ్లేడుతో గీకి చూడు, లోపల తెల్లగా మెరిస్తే వద్దను. ముందు వాటికి 1.5 చదరపు మిల్లీమీటర్లు చాలు, సోఫా వెనక్కి వెళ్ళేవాటికి 2.5 వెయ్యి. బిగించేటప్పుడు ఒక్క పోగు కూడా పక్క టెర్మినల్‌కి తగలకూడదు. ప్లస్, మైనస్ ఒక స్పీకర్‌కి తారుమారైతే ఏదీ కాలిపోదు, కానీ బేస్ ఎటో పోతుంది, గొంతు బోలుగా వినిపిస్తుంది.

సోఫాని గోడకి ఆనించకు, గది నడిమధ్యలోనూ వెయ్యకు. 15 అడుగుల పొడవుకి 37 హెర్ట్జ్ (సెకనుకి 37 కంపనాల లోతైన స్వరం) దగ్గర గది తనంతట తనే మోగుతుంది. ఆ మోత గోడ దగ్గర విపరీతం, మధ్యలో దాదాపు సున్నా. వెనక గోడ నుంచి 5 అడుగులు వదులు. అక్కణ్ణుంచి ముందు స్పీకర్లు 9 అడుగుల దూరంలో ఉంటే, ఆ రెంటి మధ్య 7 నుంచి 9 అడుగులు ఉండాలి. ట్వీటర్ (స్పీకర్లో సన్నటి స్వరాలు పలికే చిన్న భాగం) కూర్చున్నప్పటి చెవి ఎత్తులో రావాలి. సెంటర్‌ని టీవీ యూనిట్ అరలోకి నెట్టేస్తే మాటలు ముద్దగా వస్తాయి. అంచు దాకా లాగి, ముందు కింద రబ్బరు ముక్క పెట్టి మొహం మీ వైపు ఎత్తు.

ఇక సబ్ ఊఫర్. బిగించడానికి వచ్చిన కుర్రాడు మూలన పెట్టేసి పోతాడు. అక్కడ మోత ఎక్కువే, కానీ ఒక స్వరం దద్దరిల్లుతుంది, పక్కది మాయమవుతుంది. దాన్ని ఎత్తి నువ్వు కూర్చునే చోట సోఫా మీద పెట్టు. 30 నుంచి 80 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరుగుతూ పోయే టోన్ వెయ్యి. నువ్వు గోడల వెంట మోకాళ్ళ మీద పాకుతూ, తల నేలకి దగ్గరగా ఉంచి విను. ఇంట్లోవాళ్ళు నవ్వుతారు, నవ్వనీ. ఎక్కడ అన్ని స్వరాలూ ఒకే బరువుతో వినపడతాయో, సబ్ చోటు అదే.

తర్వాత సబ్ వెనక క్రాసోవర్ (ఎన్ని హెర్ట్జ్ కింది శబ్దం సబ్‌కి పోవాలో చెప్పే గీత) నాబ్ పూర్తిగా పైకి తిప్పు, ఆ పని రిసీవర్ చూసుకుంటుంది. వాల్యూమ్ సగంలో ఉంచు. రిసీవర్ సెట్టింగుల్లో స్పీకర్లన్నీ స్మాల్ అనీ, క్రాసోవర్ 80 హెర్ట్జ్ అనీ పెట్టు. గదిలో శబ్దాన్ని రిసీవర్ కొలుచుకునే మైకుని సోఫా వీపు మీద పడెయ్యకు. ట్రైపాడ్‌కి బిగించి చెవి ఎత్తులో నిలబెట్టు, ఫ్యాను, ఏసీ ఆపు. కొలత అయ్యాక రిసీవర్ చూపించే సబ్ లెవల్ మైనస్ చివరికి పోయి ఉంటే, సబ్ వాల్యూమ్ తగ్గించి మళ్ళీ కొలిపించు. సబ్ దూరం టేపుతో కొలిచినదానికన్నా ఎక్కువ చూపిస్తే దిద్దకు. సబ్ లోపలి సర్క్యూట్ చేసే ఆలస్యాన్ని రిసీవర్ దూరం కింద లెక్కేస్తుంది.

గుయ్‌మని రొద వస్తే ముందు కేబుల్ టీవీ వైరు పీకి చూడు. ఆగిపోతే దోషం ఆ వైరుది, దానికో ఐసొలేటర్ (ఆ రొదని అడ్డుకునే చిన్న ముక్క) పెట్టించు. అంతేగాని ప్లగ్గు ఎర్త్ పిన్ను మాత్రం ఎవరు చెప్పినా తీసెయ్యకు.

కింద ఫ్లాట్ వాళ్ళున్నారుగా, సబ్ కింద మందపాటి ఫోమ్ ప్యాడ్ వెయ్యి, కొంత నయం. రాత్రి పది దాటితే రిసీవర్లో నైట్ మోడ్ (పెద్ద మోతల్ని తగ్గించే సెట్టింగు) పెట్టు. అయినా వాళ్ళు తలుపు తడితే సబ్ ఆపెయ్.

ఇట్లు,
మీ బాబాయ్