నర్సులు కసురుకుంటే ఫిర్యాదు చేయాలా? మా అవ్వ వార్డులో చూసింది చెప్తా

"అమ్మను అనంతపురంలో ఆసుపత్రిలో చేర్చాం, నర్సులు ఏది అడిగినా కసురుతున్నారు, పైవాళ్లకు చెప్పాలా?" అని అడిగారు. ఎవరిని, దేనికి కసురుతున్నారో ముందు చూడండి.

మాది ఆదోని దగ్గర పల్లె. చక్కెర జబ్బుతో కాలికి పుండు పడితే మా అవ్వను కర్నూలులో ఒక ఆసుపత్రిలో చేర్చాం. పేరు వద్దులెండి. ఆ వార్డులో అందరూ భయపడే సిస్టర్ ఒకామె ఉండేది. పొద్దున ఇన్సులిన్ వేసి పోయి, కాసేపటికి మళ్లీ వచ్చి "ఏమవ్వా, తింటివా?" అని అడిగేది. ఆసుపత్రి వాసనకు అవ్వకు ముద్ద దిగేది కాదు, అయినా తింటినని తలూపేది. సిస్టర్ ఊరుకోకుండా టిఫిన్ డబ్బా మూత తీసి చూసేది. ఉగ్గాని అట్లే ఉంటే ఇక అవ్వకూ నాకూ కలిపి వాయింపే, వార్డంతా వినబడేట్టు. నాకు ఒళ్లు మండేది. ఇన్సులిన్ వేసుకుని తినకపోతే షుగర్ 70 కిందికి పడిపోయి చెమటలు, వణుకు, చివరికి స్పృహ తప్పడం దాకా పోవచ్చని ఆమే ఒకరోజు విడమరిచి చెప్పింది. నవ్వుతూ పలకరించే ఇంకో సిస్టర్ మాత్రం సూది వేశాక ఆ మంచం దగ్గరికి మళ్లీ వచ్చేది కాదు.

ఇలాంటి కసురు నేనైతే పట్టించుకోను. ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం బోధనాసుపత్రి వార్డులో ముగ్గురు రోగులకు ఒక నర్సు ఉండాలి, మామూలు ఆసుపత్రిలో ఐదుగురికి ఒకరు. రాత్రిపూట మీ వార్డులో ఎంతమందికి ఎందరున్నారో మీరే లెక్కపెట్టుకోండి. డ్యూటీ మారే వేళ అస్సలు కదిలించకండి, అప్పుడు వాళ్లు కేస్ షీట్లు అప్పజెప్పుకునే టెన్షన్‌లో ఉంటారు.

ఊరుకోకూడనిది వేరే ఉంది. ఒకరోజు అవ్వకు మూత్రం పైపు మార్చేటప్పుడు తెర అడ్డం పెట్టలేదు. పక్క మంచం తాలూకు మగవాళ్లు అక్కడే నిలబడి ఉన్నారు. చేసే ఆమె అవ్వతో ఒక్క మాట కూడా చెప్పకుండా, పక్కనున్న ఇంకొకామెతో జీతాల గురించి మాట్లాడుతూ పని కానిచ్చింది. మనిషి అక్కడ ఉన్నట్టే లేదు. ఆ సాయంత్రం దాకా అవ్వ ఎవరితోనూ మాట్లాడలేదు. నేను వార్డు ఇన్‌చార్జి సిస్టర్ దగ్గరికి పోయి అరవకుండానే చెప్పాను. మరుసటి రోజు నుంచి తెర వచ్చింది, "అవ్వా, కొంచెం నొప్పైతది" అని ముందే చెప్పడం కూడా మొదలైంది.

మీ అమ్మగారిని ఒంటరిగా ఉన్నప్పుడు అడగండి, మీరు లేనప్పుడు తనతో ఎట్ల మాట్లాడుతున్నారో. సిగ్గుపడేట్టు చేశారంటే ఇన్‌చార్జికి చెప్పండి, అక్కడ పని కాకపోతే నర్సింగ్ సూపరింటెండెంట్‌ను కలవండి. ఏ రోజు, ఏ డ్యూటీలో, ఏం జరిగిందో రాసుకుని పోండి. "అందరూ ఇంతే సార్" అంటే ఎవరూ పట్టించుకోరు.