కొత్త ఇంటికి గ్రిల్స్ లేకుండా యూపీవీసీ కిటికీలు సరిపోతాయా?

గుంటూరులో 200 గజాల స్థలంలో జీ ప్లస్ వన్ కడుతున్నామని, గోడలు లేచాయి గానీ ప్లాస్టరింగ్ ఇంకా మొదలవలేదని రాశారు. యూపీవీసీ, అంటే గట్టి ప్లాస్టిక్ ఫ్రేమ్ కిటికీలు అమ్మేవాళ్లేమో టఫెన్డ్ గ్లాస్ వేస్తాం, గ్రిల్ అక్కర్లేదంటున్నారు. ఇంట్లోవాళ్లకేమో ఊచలు చూస్తే జైల్లా అనిపిస్తోంది. మాది విజయవాడ పక్కన పోరంకి. ఇల్లు కట్టేటప్పుడు మా ఇంట్లోనూ ఇదే చర్చ చాలాకాలం నడిచింది. నా మాట ఒక్కటేనండీ, కింది అంతస్తులో గ్రిల్ మానకండి.

టఫెన్డ్ గ్లాస్ మనకు గాయం కాకుండా తయారుచేసినది. గట్టిగా తోసినా తట్టుకుంటుంది, కానీ మొనదేలిన పనిముట్టుతో అంచు దగ్గర కొడితే అద్దం మొత్తం చిన్న చిన్న ముక్కలైపోయి కింద రాలుతుంది. అంటే కిటికీ అంతా దారే. లామినేటెడ్ గ్లాస్ అలా కాదు. రెండు అద్దాల మధ్య పీవీబీ అనే పొర ఉంటుంది. పగిలినా ముక్కలు ఆ పొరకే అంటుకుని ఉంటాయి, మనిషి దూరాలంటే మళ్లీ మళ్లీ కొట్టాలి, చప్పుడవుతుంది. ఈ గ్లాస్ 6.38 మిల్లీమీటర్లు అని చెబితే, 3 మిల్లీమీటర్ల అద్దం, 0.38 పొర, మళ్లీ 3 అద్దం అన్నమాట. పొర 1.52 ఉన్నది తీసుకుంటే ఇంకా మొండిగా నిలబడుతుంది. గ్రిల్ పెట్టలేని చోట, అంటే పై బాల్కనీ తలుపులాంటి వాటికి, నేనైతే లామినేటెడే వేయమంటాను.

యూరప్‌లో దొంగలను ఆపే కిటికీలకు ఈఎన్ 1627 అని ఒక ప్రమాణం ఉంది. అందులో ఇళ్లకు ఎక్కువగా సిఫారసు చేసే ఆర్‌సీ2 తరగతి కిటికీ స్క్రూడ్రైవర్, పట్టకారు లాంటి వాటితో 3 నిమిషాలు ఆగాలి. ఆర్‌సీ3 అయితే చిన్న గునపం వాడినా 5 నిమిషాలు ఆగాలి. అంత పరీక్షించి అమ్మే కిటికీకే లెక్క నిమిషాల్లో ఉంది. ఏ కిటికీ కొన్నా మనం కొనేది ఆ కాసేపు సమయమే. ఆ సమయంలో చప్పుడు వినే మనిషో, వెలిగే దీపమో ఉంటేనే అది పనికొస్తుంది.

ఇంత చెబుతున్నది మా వీధిలో జరిగింది చూసి. సంక్రాంతికి ఊరెళ్లినవాళ్ల ఇంట్లో దొంగలు పడ్డారు. సింహద్వారం టేకుది, చెక్కుడు పని, లోపల అడ్డగడియ. దాని జోలికే పోలేదు. వెనక వాష్ ఏరియాకి పల్చటి ఫ్లష్ డోర్, దానికి ఒక్క టవర్ బోల్ట్. దాన్ని పెకలించి లోపలికి వెళ్లారు. మన ఇళ్లన్నిట్లో ఇంతే. డబ్బంతా వీధి గుమ్మానికి పోతుంది, పెరటి తలుపుకి మిగిలిందేదో వేస్తాం. ముందు తలుపు మీద కొంత తగ్గించుకునైనా సరే, వెనక తలుపుకి గట్టి చెక్క, పైనా కిందా గడియలు, బయట ఇనుప గ్రిల్ గేటు పెట్టించండి. మేడమీద మెట్లగది తలుపు కూడా అంతే. బాత్‌రూమ్ వెంటిలేటర్ అద్దం పలకలు ఒక్కొక్కటిగా లాగేయొచ్చు, దానికీ ఊచలు ఉండాలి. సన్‌షేడ్, నీళ్ల పైపు, ఏసీ బయటి యూనిట్ ఒకే వరసలో ఉంటే పైకి మెట్లు కట్టిచ్చినట్టే. వాటిని విడివిడిగా పెట్టించండి.

గ్రిల్ విషయానికొస్తే, డిజైన్ కన్నా బిగింపు ముఖ్యం. చాలామంది ఫ్రేమ్‌కి బయటినుంచి స్క్రూలు వేసి వదిలేస్తారు, వాటిని విప్పేస్తే గ్రిల్ మొత్తం ఊడివస్తుంది. 12 మిల్లీమీటర్ల చదరపు ఊచలు, సందు 4 అంగుళాలకు మించకుండా, అడ్డపట్టీకి రంధ్రాలు చేసి ఊచ దూర్చి వెల్డింగ్ చేయించండి. పైపైన అతికించిన ఊచ ఒక్క పోటుకి విడిపోతుంది. నిలువు ఊచలు మాత్రమే ఉంచి సాదాగా చేయిస్తే జైలు కళ తగ్గుతుంది. మా ఆవిడ అలాగే ఒప్పుకుంది, ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు కూడా.

ఇక్కడ ఒక్క విషయం దయచేసి వదిలేయకండి. అర్ధరాత్రి షార్ట్ సర్క్యూట్ అయి హాల్లో మంటలొస్తే పడకగదిలో ఉన్నవాళ్లు ఎటు వెళ్తారు? ప్రతి పడకగదిలో ఒక కిటికీ గ్రిల్‌కి, మనిషి పట్టేంత వెడల్పున, కబ్జాలతో తెరుచుకునే తలుపు పెట్టించండి. తాళం లోపల ఉండాలి, తాళంచెవి ఇంట్లో అందరికీ తెలిసిన చోట, బయటినుంచి చెయ్యి అందని దూరంలో వేలాడాలి. పెద్దవాళ్లతో, పిల్లలతో ఓసారి తెరిపించి చూడండి.

యూపీవీసీలో స్లైడింగ్ తీసుకుంటే రెక్కను పైకెత్తి పట్టాలోంచి తీసేయకుండా ఆపే బ్లాకులు అడగండి, ప్రొఫైల్ (ఫ్రేమ్ చేసే బోలు ప్లాస్టిక్ పట్టీ) లోపల ఇనుము ఉందో లేదో కోసి చూపించమనండి. దోమల మెష్ రెక్క ఏ భద్రతా ఇవ్వదు.

బయట తాళంకప్ప వేలాడితే ఇంట్లో ఎవరూ లేరని దారినపోయేవాడికీ తెలుస్తుంది. తలుపులో ఇమిడిపోయే మోర్టిస్ తాళం వేయించుకుని, ఊరెళ్తే వాకిట్లో ముగ్గు పెట్టమని, పాలు, పేపర్ ఆపమని పక్కింటివాళ్లకు చెప్పండి. కెమెరాలు పెట్టుకోండి, కానీ డీవీఆర్ (రికార్డింగ్ దాచే పెట్టె) హాల్లో టీవీ పక్కన పెట్టొద్దు, దాన్నీ పట్టుకుపోతారు. రికార్డింగ్ ఒక కాపీ క్లౌడ్‌లోకి వెళ్లాలి, రూటర్‌కి ఇన్వర్టర్ లైన్ ఇవ్వాలి, పాస్‌వర్డ్ మార్చాలి. తాళం వేసిన ఇళ్లపై నిఘాకి ఆంధ్రప్రదేశ్ పోలీసులు తెచ్చిన ఎల్‌హెచ్‌ఎంఎస్ యాప్ గురించి మీ స్టేషన్లో అడగండి. నమోదు చేసుకుంటే తాళం వేసిన ఇంట్లో వాళ్లే ఉచితంగా కెమెరా పెడతారు, లోపల కదలిక కనిపిస్తే కంట్రోల్ రూమ్‌కి తెలుస్తుంది. బంగారం మాత్రం బ్యాంక్ లాకర్‌లోనే పెట్టండి. 2022 నుంచి లాకర్లో దొంగతనం జరిగితే ఏడాది అద్దెకు 100 రెట్ల వరకు బ్యాంక్ బాధ్యత.

ప్లాస్టరింగ్ మొదలవకముందే మేస్త్రీని, వెల్డర్‌ని ఒకేచోట కూర్చోబెట్టండి. గ్రిల్ ఫ్రేముల హోల్డ్‌ఫాస్ట్‌లు, అంటే ఫ్రేమ్‌ని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు, గోడలోకి దిగి కాంక్రీట్‌తో మూసుకోవాలి. పూత పూశాక ఆ పని చేయించాలంటే గోడ పగలగొట్టాలి, లేదంటే మళ్లీ స్క్రూలే గతి.