కారు తెచ్చుకోబోయే ముందు వాసంతికి అత్త రాసిన ఉత్తరం

నల్లకుంట, హైదరాబాదు.

చిరంజీవి వాసంతికి అత్త ఆశీర్వదించి వ్రాయునది. ఉభయకుశలోపరి.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేసి సంగతంతా చెప్పాడు. సర్వీసుకు ఇచ్చిన నీ కారు డీలరు వర్క్‌షాపులో లిఫ్టు మీద నుంచి ఒక పక్కకు జారిందట. ఎడమవైపు తలుపుల కింద ఉండే రన్నింగ్ బోర్డు లోపలికి నొక్కుకుపోయి, ముందు చక్రం నేలకు గట్టిగా తగిలిందట. వాళ్ళేమో చిన్న సొట్టేనని, ఉచితంగా సరిచేసి ఇస్తామని అంటున్నారట. నీవు సోమవారం ఒక్కదానివే వెళ్ళి కారు తెచ్చుకుని, ఆ తరువాత వినియోగదారుల కమిషన్‌లో వకీలు లేకుండా నీవే కేసు నడుపుతానన్నావని విన్నప్పుడు నాకు చాలా గర్వంగా అనిపించింది. కానీ ముందు కారు తెచ్చుకోవడం, తరువాత ఫిర్యాదు చేయడం అన్న ఆ వరుస తలుచుకుంటే మాత్రం నిద్ర పట్టలేదు. బీమా కంపెనీ మోటారు క్లెయిముల విభాగంలో ఉద్యోగ జీవితమంతా గడిపినదాన్ని. న్యాయం ఉన్నవాళ్ళు కూడా వర్క్‌షాపు గేటు దగ్గర పెట్టిన ఒక్క సంతకంతో ఎలా చిక్కుల్లో పడతారో నాకు తెలుసు.

అన్నిటికంటే ముందు నీ ప్రాణం సంగతి. ఈ కాలపు చాలా కార్లకు విడిగా ఛాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు. నేల రేకు, స్తంభాలు, పైకప్పు, తలుపుల కింది పట్టీ అన్నీ కలిపి వెల్డింగ్ చేసిన ఒకే గూడుగా ఉంటాయి కాబట్టి, ఆ రన్నింగ్ బోర్డు అందం కోసం పెట్టినది కాదు, పక్క నుంచి వచ్చే దెబ్బను అదే తట్టుకోవాలి. బ్రేకు గొట్టాలు, పెట్రోలు గొట్టం కూడా ఆ అడుగు భాగంలోనే పోతుంటాయి. చక్రం నేలకు కొట్టుకుందంటే చక్రాన్ని కారు అడుగుకు కలిపి పట్టే లోయర్ ఆర్మ్, స్టీరింగ్ రాడ్డు కూడా వంగి ఉండవచ్చు. పైకి పుట్టీ పూసి రంగు కొట్టినంత మాత్రాన వీటిలో ఒక్కటీ సరికాదు. ప్రతి శనివారం మలక్‌పేట నుంచి బయలుదేరి, కార్లకు గంటకు 120 కిలోమీటర్ల వేగం అనుమతించిన ఔటర్ రింగ్ రోడ్డు మీదుగా సంగారెడ్డికి వెళ్ళే పిల్లవు నీవు. చక్రాలు సరైన కోణంలో ఉన్నాయో లేదో చూపే వీల్ అలైన్‌మెంట్ కొలతల కాగితం చేతికి వచ్చి, అడుగు భాగాన్ని వర్క్‌షాపుకు సంబంధం లేని మనిషి ఒకరు చూసేదాకా ఆ కారు ఔటర్ ఎక్కడానికి వీలులేదు. ఈ విషయంలో నాతో వాదించకు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో నీకు తెలియాలి. మీ నాన్న ఈ కథ నీకు చెప్పి ఉండడు.

నీకు ఏడాది నిండకముందు, మీ నాన్న తన మొదటి కారును క్లచ్ ప్లేట్లు మార్చమని ఒక పేరున్న వర్క్‌షాపుకు ఇచ్చాడు. పని అయ్యాక అక్కడి కుర్రవాడు టెస్ట్ డ్రైవ్‌కు తీసుకువెళ్ళి డివైడరుకు కొట్టాడు. ఆ సంగతి చెప్పకుండా వాళ్ళు ముందు భాగానికి రంగు వేసి నిలబెట్టారు. బానెట్ అంచున రంగు తేడా మీ నాన్న కనిపెట్టాడు కూడా. అడిగితే మేనేజరు ఏసీ గదిలో కూర్చోబెట్టి, టీ తెప్పించి, కుర్రవాడు కొత్తవాడని, ఫిర్యాదు చేస్తే వాడి ఉద్యోగం పోతుందని, వచ్చే సర్వీసు ఉచితంగా చేస్తామని మెత్తగా మాట్లాడాడు. మీ నాన్న మనసు నీకు తెలుసు కదా, ఎదుటివాడి ఉద్యోగం పోతుందంటే ఆయన తన నష్టం మరిచిపోతాడు. "వాహనాన్ని పరిశీలించి తృప్తికరమైన స్థితిలో తీసుకున్నాను" అని అచ్చువేసిన కాగితం మీద సంతకం చేసి, ఫోటో కూడా తీయకుండా, వాళ్ళ చేత ఒక్క ముక్క రాయించుకోకుండా కారు ఇంటికి తెచ్చాడు.

అప్పటి నుంచి స్టీరింగ్ ఎడమకు లాగుతుండేది. గాలి తక్కువై ఉంటుందని అనుకున్నారు. ఎడమ ముందు టైరు లోపలి అంచు తీగలు కనిపించేంతగా అరిగిపోతున్నా, వంగి చూస్తే తప్ప అది కనబడదు. ఎవరూ వంగి చూడలేదు. ఆ వేసవిలో అందరం శ్రీశైలం బయలుదేరాం. మన్ననూరు దాటి అడవిలోకి వెళ్ళి, దోమలపెంట దగ్గర ఘాట్ దిగుతుండగా ఆ టైరు పేలింది. నీవు నా ఒడిలో నిద్రపోతున్నావు. కారు కొండవైపుకు ఒరుసుకుని ఆగింది. రెండోవైపు ఏముందో ఆ దారి తెలిసిన నీకు వేరే చెప్పనక్కరలేదు. మీ నాన్న చాలాసేపు స్టీరింగ్ వదలలేకపోయాడు.

తిరిగి వచ్చాక సికింద్రాబాదు కార్ఖానాలో ఒక పాత మెకానిక్ కారును గుంత మీద పెట్టి, వంగిన లోయర్ ఆర్మ్‌ను, దాన్ని మోసే క్రాస్ మెంబరును టార్చి వేసి చూపించాడు. ఆ వర్క్‌షాపుకు వెళ్తే అక్కడ మేనేజరు మారిపోయాడు. కొత్తాయన ఫైలు తీసి మీ నాన్న సంతకం చూపించి, "మీరు తృప్తిగా తీసుకున్నారు కదా సార్, ఆ తరువాత ఎక్కడ గుద్దుకుందో మాకెలా తెలుస్తుంది" అన్నాడు. అలాంటి సంతకం పెట్టినంత మాత్రాన చట్టం దృష్టిలో హక్కు పూర్తిగా పోదు, కానీ దెబ్బ వర్క్‌షాపులోనే తగిలిందని చూపే ఆధారం మీ నాన్న దగ్గర ఒక్కటి కూడా మిగలలేదు. మరమ్మతు ఖర్చంతా ఆయనే పెట్టుకున్నాడు. ఇది చెప్పినందుకు ఆయనను ఏమీ అనకు తల్లీ. నిన్న ఫోన్ పెట్టేసే ముందు "దానికి నువ్వే చెప్పు అక్కా" అని అడిగింది ఈ సంగతి గురించే.

అందువల్ల సోమవారం నీవు వెళ్ళేది కారు తెచ్చుకోవడానికి కాదు, కారు స్థితిని కాగితం మీద పెట్టించడానికి. మరమ్మతు మొదలుపెట్టవద్దని ఈ రోజే ఈమెయిలు పంపు. పని మొదలైతే సాక్ష్యం చెరిగిపోతుంది. లిఫ్టు దగ్గరి సీసీటీవీ దృశ్యాలు భద్రపరచమని అదే ఉత్తరంలో కోరు, ఎందుకంటే పాత రికార్డింగు మీద కొత్తది ఎక్కుతూ ఉంటుంది. పగటి వెలుతురులో వెళ్ళి, కారును మళ్ళీ లిఫ్టు ఎక్కించమని చెప్పి, అడుగు భాగాన్ని, చక్రాన్ని, తలుపుల సందులను, కిలోమీటర్ల మీటరును ఫోటోలు తీయి. కారు ఇచ్చిన రోజు వర్క్‌షాపువాళ్ళు రాసి ఇచ్చిన జాబ్ కార్డులో గీతలు, సొట్టలు ఏమీ లేవని రాసి ఉంటే ఆ కాగితమే నీకు పెద్ద బలం. దాని అసలు ప్రతిని ఎవరికీ ఇవ్వకు. ప్రమాదం ఎలా జరిగిందో వర్క్స్ మేనేజరు చేత రాయించు. ఆయన రాయనంటే, ఆయన నోటితో చెప్పినదాన్ని నీవే ఆ సాయంత్రం ఈమెయిలులో రాసి పంపు. సర్వీస్ అడ్వైజరుతో ఫోన్‌లో ఎంతసేపు కోపంగా మాట్లాడినా అది గాలిలో కలిసిపోతుంది, రాసింది మాత్రమే ఫైలులో నిలుస్తుంది. నీ కోపం సంగతి తెలిసే ఇది రెండుసార్లు చెబుతున్నాను.

నష్టాన్ని అంచనా వేయడానికి బీమా నియంత్రణ సంస్థ లైసెన్సు ఉన్న సర్వేయరును పిలిపించు. ఆ సంస్థ ప్రధాన కార్యాలయం మన నానక్‌రామ్‌గూడలోనే ఉంది. ఆయన ఫీజు ముందు నీవే ఇవ్వాలి, రసీదు తీసుకుంటే తరువాత పరిహారంలో అడగవచ్చు.

ఇక మీ నాన్న చెప్పిన ఇంకొక మాట నాకు ఒళ్ళు మండించింది. సర్వీస్ అడ్వైజరు నిన్ను నీ బీమా మీదే క్లెయిము వేయమన్నాడట, నీవు ఆలోచిస్తానన్నావట. ఏమిటి ఆలోచించేది? వర్క్‌షాపులో పడిన కారును రోడ్డు మీద నీవు గుద్దావని రాసి సంతకం చేస్తే అది అబద్ధపు క్లెయిము. అది బయటపడితే డబ్బు రాకపోవడంతో ఆగదు, నీ మాటకు ఆ తరువాత ఎక్కడా విలువ ఉండదు. అలాంటి కాగితాలు నా బల్ల మీదకు వచ్చేవి, దెబ్బ చూస్తే కథ ఎక్కడ అతకలేదో తెలిసిపోయేది. పైగా మూడేళ్ళుగా క్లెయిము లేకుండా నీవు సంపాదించుకున్న 35 శాతం నో క్లెయిమ్ బోనస్, అంటే సొంత కారు నష్టానికి కట్టే ప్రీమియంలో తగ్గింపు, ఒక్క సంతకంతో పోతుంది. ఇలాంటి ప్రమాదాల కోసం వర్క్‌షాపులు తమకు తాము బీమా తీసుకునే వీలుంది. వాళ్ళు దాన్నే వాడుకోనీ. నీవు మాత్రం జరిగింది జరిగినట్లుగా నీ బీమా కంపెనీకి ఒక ఉత్తరం రాసి ఉంచు.

సర్వీసు బిల్లు కట్టనని మొండికేయకు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం, చేసిన పనికి కూలి ముట్టేదాకా వస్తువును తన దగ్గర ఉంచుకునే హక్కు పనివాడికి ఉంది. నీవు డబ్బు ఆపితే తగాదా వాళ్ళ తప్పు మీద నుంచి నీ బాకీ మీదకు మారిపోతుంది. చేసిన పనికి మాత్రం డబ్బు కట్టి, "లిఫ్టు నుంచి జారిన నష్టంపై నా అభ్యంతరానికి, హక్కులకు లోబడి చెల్లిస్తున్నాను" అని బిల్లు రెండు ప్రతుల మీదా రాయి. గేట్ పాస్ కోసం తృప్తి కాగితం చాపితే, దాని మీద కూడా అదే రాసి సంతకం చేసి, ఫోటో తీసుకో. రాయనివ్వకపోతే కారు అక్కడే వదిలి రా. వాహనాలకు యజమానులదే బాధ్యత అని గోడ మీద బోర్డు ఉంటుంది, దానికి బెదరకు. నమ్మి అప్పగించిన వస్తువును, తన సొంత వస్తువును వివేకం గలవాడు చూసుకున్నట్లుగా చూడాలని అదే చట్టం 151వ సెక్షన్ చెబుతుంది. అంత జాగ్రత్త తీసుకున్నామని చూపించవలసిన భారం కూడా వాళ్ళదే.

కారు తయారుచేసిన కంపెనీకి కూడా ఉత్తరం పంపు. డీలరు వేరు, మేము వేరు అని వాళ్ళు అనవచ్చు. అయినా దెబ్బతిన్న భాగాలకు వారంటీ కొనసాగుతుందో లేదో వాళ్ళ చేత రాతలో చెప్పించుకోవడం నీకు అవసరం.

కమిషన్ దాకా వెళ్ళవలసి వస్తే అది నీవు అనుకుంటున్నంత కష్టమేమీ కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదు వేయడానికి రెండేళ్ళ గడువు ఉంది, నీవు నివసించే జిల్లాలోనే వేయవచ్చు. హైదరాబాదు జిల్లా కమిషన్లు నాంపల్లిలోనే ఉన్నాయి. ఏ స్థాయి కమిషన్‌లో వేయాలి, ఫీజు ఎంత అన్నదానికి లెక్కలోకి వచ్చేది కారు ధర కాకుండా సర్వీసుకు నీవు చెల్లించిన సొమ్ము. ఆ సొమ్ము 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫీజు లేదు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. అంతకు ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించు, కొన్ని తగాదాలు అక్కడే తేలిపోతాయి. అవతలివాళ్ళు జవాబు ఇవ్వడానికి 30 రోజులు, కమిషన్ ఒప్పుకుంటే మరో 15 రోజులు మాత్రమే ఉంటుంది. మూడు నెలల్లో తేల్చాలని చట్టం ఆశించినా వాయిదాలు పడతాయి, ఓపిక పట్టాలి. మరమ్మతు ఖర్చు, కారు అమ్మకపు విలువలో తగ్గుదల, నీవు ఎక్కిన క్యాబుల బిల్లులు, సర్వేయరు ఫీజు, పడిన మనోవేదన అన్నీ అడుగు, కానీ ఆధారం చూపగలిగినంతే అడుగు. కోపంతో వేసిన పెద్ద అంకె మిగతా నిజాలను కూడా పలుచన చేస్తుంది.

ఈ ఆదివారం ఊరికి వెళ్ళకుండా నా దగ్గరకు రా. జాబ్ కార్డు, బీమా పాలసీ, వాళ్ళు పంపిన మెసేజీలన్నీ తెచ్చుకో. డీలరుకు స్పీడ్ పోస్టులో పంపవలసిన నోటీసు ఇద్దరం కూర్చుని రాద్దాం. అందులో తిట్లు ఉండవు, తేదీలు, జరిగిన పనులు మాత్రమే ఉంటాయి. వాళ్ళ జవాబుకు పదిహేను రోజుల గడువు ఇద్దాం. సోమవారం నేనూ నీతో వర్క్‌షాపుకు వస్తాను. మాట్లాడేది నీవే. నేను ఒక్క మాట కూడా కలగజేసుకోను, వాళ్ళు సంతకం కోసం కాగితం చాపినప్పుడు మాత్రం ముందు నాకు ఇచ్చి చదవనివ్వు.

శుభాశీస్సులతో,
మీ అత్త