చెవుల్లో హోరును తేలిగ్గా తీసుకోకు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

షిఫ్టు దిగాక నీకు చెవులు గుయ్యిమంటున్నాయని, తెల్లారేసరికి తగ్గిపోతోందని మీ అమ్మ చెప్పింది. తగ్గుతోంది కదా అని ఊరుకోకు అబ్బాయ్. చీమకుర్తిలో గ్రానైట్ కోసే మిషన్ దగ్గర నేనూ అలాగే ఊరుకున్నాను. లోపలి చెవిలో శబ్దాన్ని పట్టే సన్నటి కణాలు ఒకసారి చచ్చిపోతే మళ్ళీ పుట్టవు. 85 డెసిబెల్స్ మోతను రోజుకు 8 గంటలు భరించొచ్చంటారు. అక్కణ్ణించి 3 పెరిగినప్పుడల్లా ఆ టైము సగమైపోతుంది. 100 దగ్గర మిగిలేది 15 నిమిషాలే. చెయ్యి చాపితే అందే మనిషితో కూడా అరిచి మాట్లాడాల్సి వస్తుంటే మోత హద్దు దాటినట్టే.

దూది పెట్టుకుంటే చాలదు. స్పాంజి ప్లగ్గులు కొనుక్కో. ముందు చేతికున్న రాతిపొడి కడుక్కో. ప్లగ్గును వేళ్ళ మధ్య సన్నగా నలిపి, రెండో చెయ్యి తలమీదుగా తెచ్చి చెవిని పైకీ వెనక్కీ లాగి, లోపలికి తోసి, అది ఉబ్బేదాకా అర నిమిషం వేలితో పట్టుకో. సరిగ్గా కూర్చుంటే నీ గొంతు నీకే బానలోంచి వచ్చినట్టుంటుంది. ఈ నెలలోనే ఆడియోమెట్రీ, అంటే వినికిడి పరీక్ష, చేయించి కాగితం దాచిపెట్టు, ఏటా పోల్చి చూసుకోవచ్చు. ఎప్పుడైనా ఉన్నట్టుండి ఒక చెవి వినపడకపోతే మాత్రం గులిమి అనుకొని నూనె పోసుకోవద్దు. ఆ రోజే ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరికి వెళ్ళు. ఆలస్యమయ్యేకొద్దీ వినికిడి తిరిగొచ్చే ఆశ తగ్గిపోతుంది.

నాకు ముందు పోయినవి స, త, క లాంటి సన్నటి ధ్వనులు. గొంతు వినిపించేది, మాట తెలిసేది కాదు. మీ అత్త తాళాలు తెమ్మంటే పాలు తెచ్చేవాణ్ణి. అది ఒప్పుకోలేక అన్నిటికీ తలూపేవాణ్ణి. మా అమ్మాయి పెళ్ళి మాటల్లోనూ అలాగే ఊపాను. ఏం ఒప్పుకున్నానో ఇంటికొచ్చాక మీ అత్త చెబితే తెలిసింది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. వినపడలేదని అడగడంలో సిగ్గేముంది? ఆ ఒక్క మాట పదేళ్ళు ముందే అనాల్సింది.

చెవి మిషన్ పెట్టిన కొత్తలో ఫ్యాను చప్పుడు, కంచాల మోత భరించలేక తీసి బీరువాలో పడేశాను. అది నా తప్పు. తర్వాత ఆడియాలజిస్టు, అంటే వినికిడి పరీక్షించి మిషన్ అమర్చే నిపుణుడు, రెండు మూడుసార్లు సరిచేసి, రోజూ కాసేపు పెంచుకుంటూ పెట్టుకోమన్నాక అలవాటైంది. మన ఉక్కకి, చెమటకి అది పాడవకుండా రాత్రిపూట బ్యాటరీ తలుపు తెరిచి, సిలికా జెల్ ఉన్న డబ్బాలో పెడతాను.

అమ్మమ్మకి పక్క గదిలోంచి కేకలేసి చెప్పొద్దు. టీవీ ఆపి, ఎదురుగా కూర్చుని, వెలుతురు నీ మొహమ్మీద పడేలా నిదానంగా చెప్పు. అరిస్తే ఆమెకి మాట ఇంకా చెదిరిపోతుంది. ఆమెకి వైకల్యం ఉందని ప్రభుత్వం ఇచ్చే సదరం సర్టిఫికెట్ చేయిస్తే, దివ్యాంగులకు పరికరాలిచ్చే కేంద్రం వారి ఎడిప్ పథకం కింద చెవి మిషన్‌కి దరఖాస్తు పెట్టొచ్చు, ఆ పని నువ్వు చూడు.

నాకు మామూలు ఫోన్ కాకుండా వీడియో కాల్ చెయ్యి. నీ పెదాలు కనపడితే నాకు మాట బాగా అందుతుంది.

మీ మామయ్య